కోల్‌కతాలో ప్రాథమిక హక్కులు, వాటి హద్దులు

భారత రాజ్యాంగం మూడో భాగం, 12 నుంచి 35 వరకు ఉన్న అధికరణాలు, ప్రాథమిక హక్కులకు చోటు. సమానత్వం, స్వేచ్ఛ, దోపిడీ నుంచి రక్షణ, మత స్వాతంత్ర్యం, అల్పసంఖ్యాకుల సాంస్కృతిక విద్యా హక్కులు, ఇవి భంగపడితే కోర్టుకెక్కే హక్కు ఇందులో ఉన్నాయి. హక్కులు రాసిన చోటే హద్దులూ రాశారు. ఏ హద్దు ఎంతవరకు సాగుతుందో మాత్రం 1950 తర్వాత వచ్చిన వ్యాజ్యాలు, తీర్పులే తేల్చాయి. వాటిలో కోల్‌కతా నగరం నుంచి, దాని చుట్టుపక్కల నుంచి పుట్టినవి చాలా ఉన్నాయి. ఫ్యాక్టరీ మీద దాడి, ఘెరావ్, మత ఊరేగింపు, మైకుల మోత, క్రికెట్ ప్రసారం, ఆసుపత్రిలో దొరకని మంచం: ఒక్కోటీ ఒక్కో హక్కుకు దేశవ్యాప్తంగా చెల్లే అర్థం తెచ్చిపెట్టింది.

ఈ తీర్పులను వరసగా చదివితే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. హక్కుకు హద్దు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉంది. అయితే ఆ అధికారం చట్టం నుంచి రావాలి, దానికి కారణం చెప్పాలి, ఆ కారణాన్ని కోర్టు పరిశీలించే వీలుండాలి. ఈ మూడింట్లో ఏది లోపించినా హద్దు సాధారణంగా నిలవలేదు. మూడూ ఉన్నచోట హక్కు కోరినవారే ఓడిపోయారు.

రాజ్యాంగ రచనకు కూడా ఈ నగరంతో సంబంధం ఉంది. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ రాజ్యాంగ సభకు మొదట ఎన్నికైంది బెంగాల్ నుంచే. 1946లో బొంబాయి నుంచి దారి దొరకని ఆయనకు జోగేంద్రనాథ్ మండల్ తోడ్పాటుతో బెంగాల్ శాసనసభ చోటిచ్చింది. దేశ విభజనతో ఆ సభ్యత్వం పోయాక బొంబాయి నుంచి మళ్లీ ఎన్నికయ్యారు. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు కలకత్తా హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసినవారు. 2001లో నగరం పేరు కోల్‌కతాగా మారినా హైకోర్టు పేరు ఇప్పటికీ కలకత్తా హైకోర్టే.

రాజ్యాంగానికి ముందు

1774లో ఫోర్ట్ విలియంలో సుప్రీంకోర్టు ఏర్పడింది. మరుసటి ఏడాదే ఫోర్జరీ నేరం మీద మహారాజా నందకుమార్‌ను ఉరితీయించిన కోర్టు అదే. నిర్బంధంలో ఉన్న మనిషిని హాజరుపరచమని ఆదేశించే హెబియస్ కార్పస్ రిట్ ఈ దేశంలో వేళ్లూనుకున్నదీ ఆ కోర్టు ద్వారానే. దాని స్థానంలో 1862 జులైలో హైకోర్టు వచ్చింది.

పత్రికా స్వేచ్ఛ కోసం పోరాటం ఇక్కడ రాజ్యాంగం కంటే 170 ఏళ్లు పెద్దది. జేమ్స్ అగస్టస్ హికీ 1780 జనవరి 29న బెంగాల్ గెజిట్ ప్రారంభించారు. గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్‌ను విమర్శించి జైలుకు వెళ్లారు. 1782లో అచ్చు సామగ్రి జప్తు కావడంతో పత్రిక ఆగిపోయింది. 1823లో తాత్కాలిక గవర్నర్ జనరల్ జాన్ ఆడమ్ ప్రతి పత్రికకూ లైసెన్సు తప్పనిసరి చేశారు. రామమోహన్ రాయ్, ద్వారకానాథ్ ఠాకూర్ తదితరులు దానిమీద కోర్టుకు విన్నపం పెట్టుకున్నారు. కోర్టు వినలేదు. రామమోహన్ రాయ్ తన పర్షియన్ పత్రిక మిరాత్ ఉల్ అక్బార్‌ను తానే నిలిపేశారు. అనుమతి అడిగి రాయడం కంటే రాయకుండా ఉండటమే మేలని ఆయన తీసుకున్న ఆ నిర్ణయాన్ని ఈ దేశపు భావప్రకటన చరిత్రలో తొలి పుటల్లో పెట్టాలి. 1835లో చార్లెస్ మెట్కాఫ్ ఆ ఆంక్షలు తొలగించారు. 1878లో లార్డ్ లిట్టన్ దేశభాషా పత్రికల మీద ప్రత్యేక చట్టం తెచ్చినప్పుడు అమృత బజార్ పత్రిక దాన్ని తప్పించుకోవడానికి పూర్తిగా ఇంగ్లిషు పత్రికగా మారిపోయింది.

దేశంలో తొలి రాజద్రోహ విచారణగా చెప్పే బంగబాసి కేసు 1891లో కలకత్తా హైకోర్టులోనే నడిచింది. వివాహ సమ్మతి వయసు పెంచిన చట్టాన్ని ఆ పత్రిక విమర్శించింది. జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది, క్షమాపణతో కేసు ముగిసింది. అంతకంటే ముఖ్యమైనది 1942 నాటి నిహరేందు దత్త మజుందార్ కేసు. బెంగాల్ ప్రభుత్వాన్ని విమర్శిస్తూ చేసిన ప్రసంగానికి ఆయనకు శిక్ష పడింది. ఫెడరల్ కోర్టు ప్రధాన న్యాయమూర్తి మారిస్ గ్వయర్ ఆ శిక్ష రద్దు చేస్తూ, పాలకులకు మనసు నొచ్చినంత మాత్రాన రాజద్రోహం కాదని, ఆ మాటల్లో అశాంతి రేపే స్వభావం ఉండాలని చెప్పారు. ప్రివీ కౌన్సిల్ ఈ వైఖరిని తోసిపుచ్చినా, 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దాన్నే స్వీకరించింది.

మరో వారసత్వం కూడా ఇక్కడిదే. విచారణ లేకుండా మనిషిని బంధించే అధికారాన్ని 1818 నాటి బెంగాల్ మూడో రెగ్యులేషన్ ప్రభుత్వానికి ఇచ్చింది. 1924లో సుభాష్ చంద్రబోస్‌ను విచారణ లేకుండానే నిర్బంధించి మాండలే జైలుకు పంపారు. ఆ బాధ స్వయంగా అనుభవించిన తరం రాజ్యాంగం రాసుకుంటూ ముందస్తు నిర్బంధాన్ని 22వ అధికరణంలో, హక్కుల అధ్యాయంలోనే ఉంచింది. విభజన హింస మధ్య తీసుకున్న నిర్ణయమని అర్థం చేసుకోవచ్చు, కానీ ఆ నిబంధన వల్ల బెంగాల్ యువకులు తర్వాత పడ్డ కష్టాలు చూస్తే బాధ కలగక మానదు.

రాజ్యాంగం గీసిన హద్దులు

హక్కులన్నీ ఒకే రకం కావు. 15, 16, 19, 29, 30 అధికరణాల కిందివి పౌరులకు, పౌర సమూహాలకు సంబంధించినవి. 14, 20, 21, 22, 25 అధికరణాలు దేశంలో ఉన్న ఏ మనిషికైనా వర్తిస్తాయి. హద్దుల తీరు కూడా హక్కును బట్టి మారుతుంది. 19వ అధికరణంలోని భావప్రకటన, సమావేశం, సంఘం, సంచారం, నివాసం, వృత్తి అనే ఆరు స్వేచ్ఛలకు ఒక్కోదానికి విడివిడిగా కారణాలు పేర్కొన్నారు. మాట మీద ఆంక్ష పెట్టాలంటే దేశ సార్వభౌమత్వం, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహం, శాంతిభద్రతలు, సభ్యత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేర ప్రేరణ ఇవే కారణాలు. వేరే కారణం చెల్లదు. ఈ జాబితాలో కొన్ని 1951 మొదటి సవరణతో, సార్వభౌమత్వం 1963లో పదహారో సవరణతో చేరాయి. ఆంక్ష సహేతుకంగా ఉండాలన్న షరతు మాటకు వర్తించింది కూడా మొదటి సవరణతోనే. మత స్వాతంత్ర్యానికి శాంతిభద్రతలు, నైతికత, ప్రజారోగ్యం హద్దులు. 21వ అధికరణానికి కారణాల జాబితా లేదు. చట్టం నిర్దేశించిన పద్ధతి ఉంటే చాలన్నట్టు రాశారు. అమెరికా న్యాయమూర్తి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌తో మాట్లాడి వచ్చిన బి.ఎన్. రావు సలహా ఆ పదాల ఎంపిక వెనుక ఉంది. ఆ పద్ధతి న్యాయంగా, సహేతుకంగా కూడా ఉండాలని 1978లో మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు చెప్పేదాకా 28 ఏళ్లు పట్టింది.

దమ్‌దమ్ కేసు: సమానత్వానికి తొలి పరీక్ష

1949 ఫిబ్రవరిలో దమ్‌దమ్‌లోని జెస్సప్ ఫ్యాక్టరీ మీద సాయుధ దాడి జరిగింది. హత్యలూ జరిగాయి. నిందితులను త్వరగా విచారించాలని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 1950 ప్రత్యేక కోర్టుల చట్టం కింద కేసును ప్రత్యేక కోర్టుకు అప్పగించింది. ఏ కేసును అలా పంపాలో తేల్చే పూర్తి స్వేచ్ఛను ఆ చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. మామూలు కోర్టులో నిందితుడికి దొరికే కొన్ని రక్షణలు అక్కడ లేవు. అన్వర్ అలీ సర్కార్, మరికొందరు నిందితులు దీన్ని సవాలు చేశారు.

హైకోర్టు వారి పక్షాన నిలిచింది. 1952 జనవరి 11న సుప్రీంకోర్టు కూడా ఆ చట్టంలోని కీలక నిబంధన 14వ అధికరణానికి విరుద్ధమని తేల్చింది. ప్రధాన న్యాయమూర్తి పతంజలి శాస్త్రి ఒక్కరే విభేదించారు. కేసులను వర్గాలుగా విడగొట్టవచ్చు, ఆ విభజనకు స్పష్టమైన ఆధారం ఉండాలి, ఆ ఆధారానికీ చట్టం సాధించదలచిన ప్రయోజనానికీ సంబంధం ఉండాలి అన్న సూత్రం ఈ కేసుతో స్థిరపడింది. త్వరగా విచారణ జరగాలనడం మాత్రమే ఆధారం కాదు, ఎందుకంటే ప్రతి నిందితుడికీ త్వరిత విచారణ అవసరమే. దాడి ఎంత ఘోరమైనదో కోర్టుకు తెలుసు. అయినా నిందితుడిని ఎంచుకునే అధికారం పాలకుల ఇష్టానికి వదలలేదు. ఇప్పటికీ రిజర్వేషన్ల నుంచి పన్నుల దాకా ప్రతి సమానత్వ వ్యాజ్యంలో న్యాయవాదులు దమ్‌దమ్ కేసును ఉదహరిస్తారు. నేరాల రకాన్ని స్పష్టంగా చెప్పిన మరో బెంగాల్ ప్రత్యేక కోర్టుల చట్టాన్ని 1953లో కేదార్‌నాథ్ బజోరియా కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది.

అదే అధికరణం ఇటీవల మరోసారి రాష్ట్రాన్ని కుదిపింది. 2016 పాఠశాల ఉద్యోగ నియామకాల్లో జరిగిన అక్రమాల వల్ల 25 వేలకు పైగా నియామకాలను హైకోర్టు 2024 ఏప్రిల్‌లో రద్దు చేసింది. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. ఉద్యోగావకాశంలో సమానత్వం కోసం ఇచ్చిన తీర్పు, ఏ తప్పూ రుజువు కాని టీచర్లనూ వీధిన పడేసింది. న్యాయమైన తీర్పులోనూ అన్యాయానికి గురైనవారు ఉంటారని ఈ ఉదంతం చెబుతోంది. వారి బాధను సాంకేతిక విషయంగా చూడటం తప్పు.

వీధి ఎవరిది?

మిఛిల్ అని బెంగాలీలు పిలిచే ఊరేగింపు ఈ నగర రాజకీయాలకు ఊపిరి. ధర్మతల్లా కూడలి, బ్రిగేడ్ పరేడ్ మైదానం లేకుండా ఇక్కడ పార్టీ లేదు, సంఘం లేదు. అందువల్ల సమావేశ స్వేచ్ఛకూ, ఆ దారిన పోయేవారి సంచార స్వేచ్ఛకూ మధ్య ఘర్షణ ఇక్కడ వచ్చినంతగా మరోచోట రాలేదేమో.

1967 మార్చిలో అధికారంలోకి వచ్చిన యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వ కాలంలో ఘెరావ్ ఉద్యమ రూపం దాల్చింది. కార్మికులు మేనేజర్లను చుట్టుముట్టి గంటల తరబడి కదలనివ్వకుండా కూర్చోబెట్టేవారు. కార్మిక శాఖ మంత్రి సుబోధ్ బెనర్జీ హయాంలో వచ్చిన సర్క్యులర్ల ప్రకారం అలాంటి చోటికి పోలీసులు నేరుగా వెళ్లకూడదు, ముందు కార్మిక మంత్రికి తెలియజేయాలి. జే ఇంజినీరింగ్ వర్క్స్ తదితర సంస్థలు కోర్టుకెళ్లాయి. ప్రధాన న్యాయమూర్తి డి.ఎన్. సిన్హా నేతృత్వంలోని ప్రత్యేక ధర్మాసనం ఆ సర్క్యులర్లను కొట్టేసింది. సమ్మె చేసే హక్కును ట్రేడ్ యూనియన్ చట్టం కాపాడుతుంది, మనిషిని అక్రమంగా బంధించడాన్ని కాపాడదు. పోలీసుకు చట్టం పెట్టిన విధిని మంత్రి ఉత్తరం ఆపలేదు. కార్మికుల ఆకలి నిజమే, వారి కోపం న్యాయమైనదే. అయినా గదిలో చిక్కుకున్న మనిషికి నీళ్లూ, ఇంటికి వెళ్లే దారీ అడిగే హక్కు ఆ కోపానికి లోబడి ఉండదు.

ఊరేగింపుల మీద కోర్టుల వైఖరి అటూ ఇటూ ఊగింది. 2003లో హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ అమితావ లాలా కారు ఒక ర్యాలీలో చిక్కుకుంది. ఆ తర్వాత పనిదినాల్లో పగటిపూట ర్యాలీలను నిషేధిస్తూ ఆయన ఇచ్చిన ఉత్తర్వు పెద్ద దుమారం రేపింది, ఎక్కువ కాలం నిలవలేదు. వీధుల్లో సభలను నియంత్రించవచ్చు గాని పూర్తిగా మూసివేయలేమని 1972లోనే సుప్రీంకోర్టు గుజరాత్‌కు చెందిన హిమ్మత్‌లాల్ షా కేసులో చెప్పింది. 2020లో ఢిల్లీ షాహీన్‌బాగ్ కేసులో రోడ్లను నిరవధికంగా ఆక్రమించే హక్కు లేదని చేర్చింది. ఆ ఏడాది జనవరిలో కోల్‌కతా పార్క్ సర్కస్‌లో పౌరసత్వ చట్ట సవరణకు వ్యతిరేకంగా ముస్లిం మహిళలు నడిపిన నిరసన మాత్రం రోడ్డు మీద కాక మైదానంలో సాగింది.

ఇటీవలి ఉదాహరణ 2024 అక్టోబరు 15. ఆర్.జి. కర్ వైద్య కళాశాలలో యువ వైద్యురాలి హత్యాచారం తర్వాత వైద్యులు, పౌరులు కలిసి రాణి రాష్మొని అవెన్యూలో నిరసన తలపెట్టారు. దుర్గాపూజ కార్నివాల్ రోజు కావడంతో పోలీసులు నిషేధాజ్ఞలు జారీ చేశారు. హైకోర్టు ఆ ఉత్తర్వు రద్దు చేసి నిరసనకు దారి తెరిచింది. పాత నేర విచారణ స్మృతిలోని 144వ సెక్షన్ 2024 జులై 1 నుంచి నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షన్ అయింది. పేరు మారినా, శాంతికి తక్షణ ముప్పు ఉందని చూపాల్సిన బాధ్యత మారలేదు.

144వ సెక్షన్ గురించి ముఖ్యమైన మాట కూడా కోల్‌కతా కేసులోనే వచ్చింది. 1955లో ఏర్పడిన ఆనందమార్గ సంస్థ అనుయాయులు కత్తులు, పుర్రెలు పట్టుకుని బహిరంగంగా తాండవ నృత్యం చేస్తూ ఊరేగడాన్ని పోలీసు కమిషనర్ నిషేధించారు. 1983లో సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ రంగనాథ్ మిశ్రా తీర్పు రాశారు. తాండవాన్ని సంస్థ 1966లో ప్రవేశపెట్టింది కాబట్టి ఊరేగింపులో దాన్ని చేయడం మతానికి అత్యవసర అంగం కాదన్నారు. అదే తీర్పులో, రెండు నెలల గడువున్న 144 ఉత్తర్వును గడువు ముగిసిన ప్రతిసారీ పొడిగించుకుంటూ పోవడం అధికార దుర్వినియోగమని కూడా చెప్పారు. మొదటి సగమే అందరికీ గుర్తుండిపోయింది. పౌరుడికి ఎక్కువ అక్కరకొచ్చేది రెండో సగం. అదే వివాదం మళ్లీ సుప్రీంకోర్టుకు వచ్చింది. 2004లో ఇద్దరు న్యాయమూర్తులు పాత వైఖరినే నిలబెట్టారు, జస్టిస్ ఎ.ఆర్. లక్ష్మణన్ విభేదించారు. ఏ ఆచారం మతానికి అవసరమో కోర్టులు తేల్చవచ్చా అన్న ప్రశ్న ఇంకా సజీవంగానే ఉంది.

మైకుల విషయంలో హైకోర్టు 1996లో ఓం బీరాంగన కేసులో గట్టిగా నిలిచింది. మాట్లాడే హక్కుతోపాటు వినకుండా ఉండే హక్కు కూడా 19వ అధికరణంలో ఉందని, చెవులు మూసుకోలేని శ్రోతపై శబ్దాన్ని రుద్దకూడదని జస్టిస్ భగవతీ ప్రసాద్ బెనర్జీ చెప్పారు. పూజల సీజనులో ఈ నగరంలో రోగులూ, పరీక్షలు రాసే పిల్లలూ పడే అవస్థ తెలిసినవారికి ఈ తీర్పు విలువ వేరే చెప్పనక్కర్లేదు.

మాట, పుస్తకం, తెర

సమరేశ్ బసు నవల 'ప్రజాపతి' 1967లో దేశ్ పత్రిక శారదీయ సంచికలో వచ్చింది. మరుసటి ఏడాది అశ్లీలమంటూ ఫిర్యాదు దాఖలైంది. మేజిస్ట్రేటు శిక్ష వేశారు, హైకోర్టు సమర్థించింది. 1985లో సుప్రీంకోర్టు నవలను ఆసాంతం చదివి రచయితను నిర్దోషిగా ప్రకటించింది. మొరటు మాట, అసభ్య వర్ణన ఉన్నంత మాత్రాన పుస్తకం పాఠకుడి మనసు చెరపదని చెప్పింది. తస్లీమా నస్రీన్ ఆత్మకథ మూడో భాగం 'ద్విఖండిత'ను రాష్ట్ర ప్రభుత్వం 2003 నవంబరులో నిషేధించింది. రెండేళ్ల తర్వాత హైకోర్టు ప్రత్యేక ధర్మాసనం నిషేధాన్ని ఎత్తేసింది. పుస్తకం గెలిచింది, రచయిత్రి మాత్రం 2007లో అల్లర్ల తర్వాత నగరం వదిలి వెళ్లాల్సి వచ్చింది. కాగితం మీద హక్కు దక్కినా కాలు పెట్టే చోటు దొరకలేదు.

సినిమా విషయంలో మరింత స్పష్టమైన తీర్పు 2019లో వచ్చింది. అనీక్ దత్తా తీసిన 'భవిష్యతేర్ భూత్' ఫిబ్రవరి 15న విడుదలైంది. సెన్సారు సర్టిఫికెట్ ఉన్నా మరునాడే దాదాపు అన్ని థియేటర్ల నుంచి మాయమైంది. రాతపూర్వక నిషేధం ఏదీ లేదు. ఏప్రిల్‌లో జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ హేమంత్ గుప్తా ధర్మాసనం రాష్ట్ర ప్రభుత్వం నిర్మాతలకు 20 లక్షల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. చట్టం చూపకుండా తెరవెనుక నుంచి ఆపే అధికారం ప్రభుత్వానికి లేదని, ఆ కళాకారులకు రక్షణ ఇవ్వడం దాని బాధ్యత అని చెప్పింది. 2023 మేలో రాష్ట్రం 'ది కేరళ స్టోరీ'పై చట్టబద్ధంగానే నిషేధం విధించింది. పది రోజులకే సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసింది. సినిమాను ఇష్టపడటం, పడకపోవడం వేరు. రెండు సినిమాలకూ ఒకే కొలత వర్తించడమే ఇక్కడ చెప్పుకోదగింది.

ఆకాశ తరంగాల మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం కూలింది కూడా కోల్‌కతా గడపలోనే. 1993 హీరో కప్ మ్యాచుల ప్రసార హక్కుల విషయంలో బెంగాల్ క్రికెట్ సంఘానికీ దూరదర్శన్‌కూ వివాదం వచ్చింది. ఈడెన్ గార్డెన్స్ నుంచి విదేశీ సంస్థ ప్రసారం చేయవచ్చా అన్నది ప్రశ్న. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తరంగాలు ప్రజల ఆస్తి అని, వాటిని ప్రభుత్వం గాని ప్రైవేటు సంస్థ గాని గుప్పిట పెట్టుకోకూడదని, స్వతంత్ర సంస్థ నియంత్రించాలని చెప్పింది. ధర్మాసనంలో మన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి విడిగా రాసిన తీర్పు, ప్రసారం పెట్టుబడిదారుల చేతికి పోయే ప్రమాదాన్ని ముందే గుర్తించింది. టీవీ ఛానళ్ల నేటి తీరు చూస్తే ఆయన హెచ్చరికను మళ్లీ చదవాలనిపిస్తుంది.

నిర్బంధం, లాకప్

నక్సల్బరీ తిరుగుబాటు అనంతర కాలంలో, 1971లో వచ్చిన అంతర్గత భద్రతా నిర్వహణ చట్టం (మీసా) కింద బెంగాల్‌లో యువకులను పెద్ద ఎత్తున బంధించారు. హెబియస్ కార్పస్ పిటిషన్లు సుప్రీంకోర్టుకు వరసకట్టాయి. 1973లో శంభునాథ్ సర్కార్ కేసులో, సలహా మండలి అభిప్రాయం లేకుండానే మూడు నెలలు దాటి నిర్బంధించేందుకు వీలిచ్చిన 17-ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. మరుసటి ఏడాది హరధన్ సాహా కేసులో మిగిలిన చట్టాన్ని మాత్రం సమర్థించింది. 1975 అత్యవసర పరిస్థితిలో ఆ కిటికీ కూడా మూసుకుపోయింది. రచయిత, పాత్రికేయుడు గౌర్ కిశోర్ ఘోష్ జైలుపాలయ్యారు. 1976 ఏప్రిల్‌లో జబల్‌పూర్ కేసులో, ఎమర్జెన్సీలో ప్రాణానికీ కోర్టు రక్షణ కోరలేమన్న మెజారిటీకి నాయకత్వం వహించిన ప్రధాన న్యాయమూర్తి ఎ.ఎన్. రే కలకత్తా హైకోర్టు నుంచి వెళ్లినవారే. ఆ మచ్చ తుడవడానికి 1978లో నలభై నాలుగో సవరణ తెచ్చారు. 20, 21 అధికరణాలను ఎమర్జెన్సీలో సైతం సస్పెండ్ చేయలేరిప్పుడు.

లాకప్ మరణాల మీద దేశానికి దారి చూపింది ఒక ఉత్తరం. పశ్చిమ బెంగాల్ న్యాయ సహాయ సంస్థ కార్యనిర్వాహక అధ్యక్షుడు డి.కె. బసు 1986 ఆగస్టులో పత్రికా వార్తలు జతచేసి సుప్రీంకోర్టుకు రాశారు. కోర్టు దాన్ని పిటిషన్‌గా స్వీకరించింది. పదేళ్లకు, 1996 డిసెంబరు 18న, పదకొండు నిబంధనలతో తీర్పు వచ్చింది. అరెస్టు చేసే పోలీసుకు పేరు కనిపించే బిళ్ల ఉండాలి. సాక్షి సంతకంతో అరెస్టు మెమో రాయాలి. బంధువుకో స్నేహితుడికో కబురు చెప్పాలి. ఒంటిమీద గాయాలుంటే నమోదు చేయాలి, 48 గంటలకోసారి వైద్య పరీక్ష చేయించాలి. విచారణ సాగుతుండగా న్యాయవాదిని కలిసే వీలివ్వాలి. వీటిని ఉల్లంఘిస్తే కోర్టు ధిక్కారమే. తర్వాత ఇవి చాలావరకు చట్టంలోకి ఎక్కాయి. ఏ అరెస్టు జరిగినా ఇంటివాళ్లు మొదట అడగాల్సింది ఆ మెమో గురించే.

ప్రాణం అన్న హక్కు విస్తరణ

1992 జులైలో మథురాపూర్ స్టేషన్ దగ్గర రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక వ్యవసాయ కూలీని కోల్‌కతాలోని ప్రభుత్వ ఆసుపత్రులు ఒక్కొక్కటిగా తిప్పి పంపాయి. ఒకచోట మంచం లేదు, ఒకచోట పరికరం లేదు. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో సొంత ఖర్చుతో చికిత్స చేయించుకున్నారు. కూలీ సంఘంతో కలిసి ఆయన వేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది. అత్యవసర వైద్యం అందించడం 21వ అధికరణం కింద ప్రభుత్వ విధి అని, నిధుల లేమి సాకు కాదని చెప్పింది. సామాన్యుడికి ఇంత దగ్గరగా వచ్చిన తీర్పు మరొకటి చూపడం కష్టం. తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలను కాపాడుతూ 1992లో జస్టిస్ ఉమేశ్ చంద్ర బెనర్జీ ఇచ్చిన హైకోర్టు తీర్పును, పర్యావరణం వైపు సాగిన ఇలాంటి అడుగుగా చెప్పుకోవచ్చు.

హౌరా స్టేషన్ యాత్రీ నివాస్‌లో ఒక బంగ్లాదేశీ మహిళపై సామూహిక అత్యాచారం జరిగింది. న్యాయవాది చంద్రిమా దాస్ వేసిన వ్యాజ్యంలో హైకోర్టు పది లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. బాధితురాలు భారతీయురాలు కాదని రైల్వే వాదించింది. 21వ అధికరణం పౌరులకే పరిమితం కాదని 2000లో సుప్రీంకోర్టు జవాబిచ్చింది. 2022 మే 19న కోల్‌కతాలోనే పుట్టిన బుద్ధదేవ్ కర్మస్కర్ కేసులో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు నేతృత్వంలోని ధర్మాసనం సెక్స్ వర్కర్లకూ గౌరవంగా బతికే హక్కు ఉందని, పోలీసులు వారిని వేధించకూడదని ఆదేశించింది. సోనాగాచి మహిళల సంఘం దర్బార్ ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నదీ అదే.

ఆస్తి హక్కు కథ చిన్నది. తూర్పు బెంగాల్ శరణార్థుల కోసం సేకరించిన భూమికి 1946 డిసెంబరు 31 నాటి ధరే ఇస్తామన్న చట్టాన్ని బేలా బెనర్జీ కేసు పడగొట్టింది. పార్లమెంటు 1955లో నాలుగో సవరణతో బదులిచ్చింది. 1978లో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల నుంచే బయటికొచ్చింది. అయినా 2016లో, కారు ఫ్యాక్టరీ కోసం జరిగిన సింగూరు భూసేకరణ చట్టపద్ధతి పాటించలేదని సుప్రీంకోర్టు రద్దు చేసింది, భూములు రైతులకు తిరిగొచ్చాయి.

అల్పసంఖ్యాకులు, బెంగాల్ తెలుగువారు

30వ అధికరణం మత, భాషా అల్పసంఖ్యాకులకు సొంత విద్యాసంస్థలు నడుపుకొనే హక్కునిచ్చింది. ఎవరు అల్పసంఖ్యాకులో రాష్ట్రాన్ని బట్టి తేల్చాలని 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అందువల్ల టీటాగఢ్ జనపనార మిల్లుల్లో పనికి శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్లి స్థిరపడినవారి పిల్లలు, ఖరగ్‌పూర్ రైల్వే కుటుంబాలు అక్కడ ఈ హక్కు పొందగలరు. తెలుగువాడు విజయవాడలో భాష పేరుతో ఈ హక్కు కోరలేడు, అక్కడి బెంగాలీ కోరగలడు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. అది ప్రభుత్వ నిర్ణయం, ప్రాథమిక హక్కు కాదు. మాతృభాషలో ప్రాథమిక విద్య సౌకర్యం గురించి చెప్పే 350-ఎ అధికరణం కూడా మూడో భాగం వెలుపలే ఉంది.

ఈ హక్కుకూ హద్దులున్నాయి. రామకృష్ణ మిషన్ హిందూమతానికి వేరైన అల్పసంఖ్యాక మతమని హైకోర్టు ఒప్పుకున్నా, 1995లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మదర్సా టీచర్లను కమిషన్ ద్వారా ఎంపిక చేసే 2008 నాటి రాష్ట్ర చట్టాన్ని హైకోర్టు కొట్టేస్తే, 2020 జనవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. ప్రతిభ కోసం పెట్టిన నియమం అల్పసంఖ్యాక స్వభావాన్ని చెరపదని చెప్పింది. సంస్థ నడిపేవారి ఇష్టం కంటే చదువుకునే పిల్లల మేలు ముఖ్యమన్న ఆ దృష్టి సరైనదే. కమిషన్లు నిజాయితీగా పనిచేస్తేనే అది నిలబడుతుంది.

కోర్టు గడప

హక్కు భంగమైతే 32వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు, 226 కింద హైకోర్టుకు వెళ్లవచ్చు. కోల్‌కతా వాసికి హైకోర్టే దగ్గరి దారి. ఉచిత న్యాయ సహాయం కోసం రాష్ట్ర న్యాయసేవల సంస్థ, ఫిర్యాదుల కోసం 1995లో ఏర్పడిన రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ ఉన్నాయి. కమిషన్ సిఫారసు మాత్రమే చేయగలదు. హక్కుల ఉల్లంఘన తీవ్రంగా ఉంటే రాష్ట్ర అనుమతి లేకుండానే హైకోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించవచ్చని 2010లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆ కేసు కూడా 2001లో మేదినీపూర్ ప్రాంతంలో జరిగిన రాజకీయ హింస నుంచి వచ్చిందే.

దారి ఉన్నా ప్రయాణం సుదీర్ఘం. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు అంబికేశ్ మహాపాత్ర ముఖ్యమంత్రి గురించిన ఒక కార్టూన్‌ను ఈమెయిల్‌లో పంపినందుకు 2012 ఏప్రిల్‌లో అరెస్టయ్యారు. ఆయనపై మోపిన ఐటీ చట్టం 66-ఎ సెక్షన్‌ను 2015 మార్చిలో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఆ సెక్షన్ పోయాక కూడా కేసు నడుస్తూనే వచ్చింది. కోర్టు ఆయనను కేసు నుంచి పూర్తిగా విముక్తుణ్ని చేసింది 2023 జనవరిలో.